రోవన్ చెట్టు నీడన నాచు

"...నాచు చచ్చాక గోకాలి, బతికుండగా కాదు! మందు సంచీ మీద రాసింది చదివావా అసలు?"

"చదివాను. రెండు వారాలు ఆగమంది. మనకి రెండు వారాలెక్కడివి, పిల్లా?"

వంటింటి కిటికీ దగ్గర ఎల్స్‌పెత్, పెరట్లో ఇనుప పళ్ల కర్రతో ఆమె మొగుడు డూగల్.

గ్రీనాక్ ఓడల కార్ఖానాలో రంగులు వేసి రిటైరైన డూగల్‌కి గడ్డి అంటే బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ మైదానంలో ఉన్నట్టు నున్నగా ఉండే గడ్డే. వారం వారం పచ్చికను నేలకంటా గొరిగేవాడు. వీధి అంతా మెచ్చుకునేది. అలా గొరిగిన చోటే నాచు బలిసింది. చలికాలంలో ఎల్స్‌పెత్ బట్టలు ఆరెయ్యబోయి దానిమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ముందు గుమ్మానికి నిటారు మెట్లు. నడక చట్రంతో ఆమె బయటికి వెళ్లగల దారి ఈ పచ్చిక ఒక్కటే. శుక్రవారం కౌన్సిల్ నుంచి ఒకామె వచ్చి చూస్తుంది. దారి బాగుంటే ఎల్స్‌పెత్ ఇంట్లోనే ఉంటుంది, లేకపోతే వృద్ధాశ్రమానికి వెళ్లాలి.

నాచుని చంపే అన్నభేది మందు చల్లగానే నాచు నల్లబడింది. డూగల్ ఆగలేక మర్నాడే గోకేశాడు. పూర్తిగా చావని తునకలు పెరడంతా చెదిరాయి. మళ్లీ వాన పట్టుకుంది.

"నాచుకి నారు పోస్తున్నావా డూగల్?" అన్నాడు గోడ మీంచి పక్కింటి ఫెర్గస్. "వెలుగు పడనిదే ఏ మందూ పనిచెయ్యదు. పచ్చిక మీద నీడ పరిచే ఆ రోవన్ చెట్టు కొట్టెయ్. రంపం నేనిస్తా."

ఆ ఊళ్లో రోవన్ చెట్టు ఇంటికి కాపలా అంటారు. కొట్టినవాడికి కీడు తప్పదంటారు.

"ఆ కొట్టేదేదో నువ్వే కొట్టరాదూ?"

"నేనా? పెళ్లాం బిడ్డలు ఉన్నవాణ్ణయ్యా!"

డూగల్ రంపం తీసుకున్నాడు. వెలుగు పడుతోందని చూపిస్తే కౌన్సిల్ ఆమె కొంత గడువైనా ఇస్తుందేమో. బురదలో మోకాళ్ల మీద కూర్చుని మొదలు మీద రంపం ఆనించాడు. తడి బెరడు మీద పళ్లు జారాయి. మళ్లీ ఆనించాడు.

చట్రం చప్పుడైంది. ఎల్స్‌పెత్ గడప దాకా వచ్చింది.

"రంపం ఫెర్గస్‌కి ఇచ్చెయ్."

"నాకేం కాదు."

"ఏం కాకపోతే వాడెందుకు కొట్టలేదు?"

డూగల్ రంపం పళ్లకంటిన బెరడు తుడిచాడు.

"లోపలికి రా, తడిసిపోతున్నావు. శుక్రవారం ఆమె వచ్చినప్పుడు నువ్వేం మాట్లాడకు. ఆశ్రమానికి వెళ్తానని నేనే చెబుతాను."