అమ్మేది కాదు

పోయిన నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూసారాంబాగ్‌లో అద్దెకొక పోర్షన్ చూపిస్తున్నాను. ఫోన్ మోగింది. చిన్నమ్మ, కాక భార్య.

"మీ కాక పోయిండు బిడ్డా" అంది.

రెండు రోజులుగా దవాఖానలో ఉన్నాడని నాకు తెలుసు. పొద్దున ఇడ్లీ తిన్నాడనీ తెలుసు. ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ "గీజర్ ఉందా మేడమ్" అని అడుగుతోంది. లేదని చెప్పాను. అప్పుడు చిన్నమ్మ రెండో మాట చెప్పింది.

"కిరాయి ఇంటాయన ఫోన్ చేసిండు. పీనుగను ఇంటికి తేవద్దంటున్నడు. ఇగ ఎటు తీస్కపోవాలె బిడ్డా?"

ఈ నగరంలో అద్దెకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనరు. పద్దెనిమిదేళ్ళు నెల తప్పకుండా అద్దె కట్టిన మనిషికి చచ్చాక ఒక్క పూట చోటుండదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. కాక ఉంటే "జర సల్లవడు" అనేవాడు. చల్లబడను.

కాక నాకు రక్తసంబంధం కాదు. ఇళ్ళూ స్థలాలూ చూపించే పని నేర్పినవాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో, కొత్తపేట దగ్గర, జిరాక్స్ షాపు పక్కన ఒక్క షట్టర్ ఆఫీసు. బోర్డు మీద 'ఇండ్లు, జాగలు, కిరాయిలు' అని ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన కాకే. మాది గుంటూరు వైపు కాబట్టి నేను మొదట్లో బాబాయ్ గారూ అనేదాన్ని. "గారు ఏందమ్మా, నేనేమన్న తాసిల్దార్‌నా" అని మూడు రోజుల్లో ఆ అలవాటు మాన్పించాడు.

కర్మన్‌ఘాట్ సందుల్లో మా ఇల్లు మాకు ఇప్పించింది కూడా ఆయనే. వంద గజాల్లో రెండు గదులు, ఒక హాలు. చూపించిన రోజు లోపలికి రాగానే గోడ మీద అరచెయ్యి ఆనించి చెప్పాడు. "ఈ గోడకు చెమ్మున్నది, చూడుండ్రి. ఏప్రిల్‌ల బోరు ఎండుతది. పక్కింటోళ్ళ మోటరు పొద్దుగాల అయిదింటికే మొత్తుకుంటది. వానకాలం గా వంటింటి కిటికీ ఉబ్బి పట్టేస్తది, తీయాలంటే ఇద్దరు గావాలె. ఇగ మంచి చెప్పాల్నా?" మా ఆయన నా వైపు చూసి, ఈ మనిషి అసలు ఇల్లు అమ్మడానికే వచ్చాడా అన్నట్టు నవ్వాడు. నెల తిరక్కుండా అదే ఇల్లు కొన్నాం. ఇంకెవరి మాటా మాకు నమ్మబుద్ధి కాలేదు.

రెండేళ్ళకు నేను ఆయన ఆఫీసులో పనికి చేరాను. అప్పుడు అర్థమైంది, అది ఆయన పద్ధతని. "లోపం ముంగట చెప్పాలె. తర్వాత తెలిస్తే అది లోపం కాదు, మోసమైతది" అనేవాడు.

మంచి ముహూర్తం చూసుకునే చేరాను లెండి. నేను చేరిన ఏడాదే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది, రిజిస్ట్రేషన్లు పడుకున్నాయి. వారంలో రెండు రోజులు బంద్. బస్సులు డిపోల్లోనే ఉండేవి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్లు సగం షట్టర్ దించి లోపల బేరాలు చేసేవి. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోతే హాస్టళ్ళలో మంచాలు గోడకు నిలబెట్టేశారు. అమ్ముతామని వచ్చేవాళ్ళు రోజుకు ముగ్గురు, కొంటామని వచ్చేవాళ్ళు నెలకు ఒక్కరు కూడా లేరు. మా చుట్టుపక్కల ఆఫీసులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒక ఏజెంటు ఆటో తోలాడు. ఇంకొకాయన ఊరెళ్ళి పత్తి వేశాడు.

కాక మాత్రం రోజూ వచ్చేవాడు. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే దీక్ష శిబిరంలో కండువా వేసుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం అదే కండువాతో వచ్చి షట్టర్ ఎత్తేవాడు. బంద్ రోజున కూడా ఎత్తుతుంటే, మీరే బంద్‌కి పిలిచి మీరే తెరుస్తారేంటని అడిగాను. "బేరం చేస్త లేను గద. కూసుంటున్న గంతే. మనమే మూస్కుంటే ఇగ అయిపోయిందనుకుంటరు జనం" అన్నాడు.

ఆఫీసు గోడకు ఒక చెక్క ఉండేది, దాని నిండా మేకులు, మేకులకు తాళంచెవులు. ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క, దాని మీద యజమాని పేరు. ఆ రోజుల్లో ఖాళీ మేకు ఒక్కటీ లేదు. శనివారం పొద్దున కర్మన్‌ఘాట్ హనుమంతుడికి దణ్ణం పెట్టుకుని, ఆ గుత్తంతా సంచిలో వేసుకుని, కాక ఆ ఇళ్ళన్నీ తిరిగేవాడు. ఒక్కో వారం చిన్నమ్మ కూడా తోడెళ్ళేది. తలుపు తీసి, కిటికీలన్నీ తెరిచి, కుళాయి తిప్పి, ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా నిలబడి, మళ్ళీ మూసి వచ్చేవాళ్ళు. ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. నేను విసుక్కునేదాన్ని, కొనేవాడే లేడు, ఎవరికోసం ఈ తిరుగుడని. "మూసిపెడితే ఇల్లు మూల్గుతది బిడ్డా. జర గాలి తగలనీ" అనేవాడు.

ఆయన్ని ఇటువాళ్ళూ తిట్టారు, అటువాళ్ళూ తిట్టారు. భయపడి అమ్మడానికి వచ్చిన మావైపు వాళ్ళతో "జర ఆగుండ్రి, ఇప్పుడు అమ్మితే ముంచుకపోయేటోడు వేరే ఉన్నడు" అని చెప్పి తిప్పి పంపేవాడు. శిబిరంలో ఎవడో "ఏందే కాకా, ఆంధ్రోళ్ళకు ఏజెంటువా" అన్నాడట. "అవ్, ఏజెంటునే. బోర్డు జూడలే?" అన్నాడట ఈయన. ఆయన మాట విని ఆగినవాళ్ళంతా బాగుపడ్డారని నేను చెప్పను. ఒక రిటైర్డ్ టీచరు ఏడాది ఆగి, అవసరం తరుముకొచ్చి ఇంకా తక్కువకు అమ్ముకున్నాడు. ఆఫీసుకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. కాక లేచి నిలబడి అంతా విన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

ఇక మా ఇంటి సంగతి. గుంటూరు నుంచి మా బావగారు రోజూ ఫోన్ చేసేవారు. అమ్మేసి వచ్చేయండి, రేపు గెంటేస్తే ఏం చేస్తారని. మా ఆయన ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. అక్కడా అవే మాటలు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని "ఎవడొస్తే వాడికి, ఎంతకైతే అంతకి ఇచ్చేద్దాం" అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. నాకూ భయంగానే ఉంది. మర్నాడు ఇంటి తాళంచెవి తీసుకెళ్ళి కాక బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆగమంటాడనుకున్నాను. అనలేదు. ఖాళీ మేకు లేక ఇంకో తాళంచెవి మీదే తగిలించి, "సరే. గని సూపిచ్చుడు నువ్వే. లోపం ముంగట చెప్పాలె, ఎర్కే గద" అన్నాడు.

పది రోజులకు ఒకాయన వచ్చాడు. తెల్లబట్టలు, రెండు ఫోన్లు. చెప్పులు విడవకుండా లోపలికి వచ్చాడు. నేను గోడ మీద అరచెయ్యి ఆనించి మొదలుపెట్టాను. చెమ్మ అన్నాను. బోరు అన్నాను. మోటారు అన్నాను. వంటింటి కిటికీ దగ్గరికొచ్చి దాని చెక్క మీద చెయ్యి వేశాను. ఆ కిటికీని వానాకాలంలో ఎన్నిసార్లు నేనూ మా ఆయనా కలిసి నెట్టామో గుర్తొచ్చింది. వచ్చినాయన ఒక ఫోన్ చూసుకుంటూ వింటున్నాడు.

"గిన్ని లోపాలు నువ్వే చెప్తివి, ఇగ నేను బేరమాడేదేమున్నదమ్మా. సగానికి ఇచ్చెయ్యి. మీరు ఎట్లాగూ పోయేటోళ్ళే గద, రేపు గది గూడ రాదు" అన్నాడు.

"ఒక లోపం చెప్పడం మర్చిపోయానండీ" అన్నాను.

"ఏంది?"

"ఈ ఇల్లు అమ్మేది కాదు. చెప్పులతో తొక్కింది చాలు, బయటికి నడవండి."

అనేశాను. ఏడు నెలల్లో ఆఫీసు గడప తొక్కిన మొదటి కొనుగోలుదారు అతను. ఇంట్లో మా ఆయనకేం చెప్పాలి, ఆఫీసులో కాకకేం చెప్పాలి? వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాక దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బేరం కుదుర్చుడు ఎవనికైనా వస్తది. బేరం ఇడగొట్టుడు వస్తేనే ఏజెంటు. ఇగ నువ్వు అయినవ్ పో" అన్నాడు. బిస్కెట్ డబ్బా అట్ట చింపి, స్కెచ్ పెన్నుతో 'అమ్మేది కాదు' అని రాసి మా తాళంచెవికి కట్టి, అన్నిటికంటే పై మేకుకు తగిలించాడు.

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాక కండువాతోనే మా ఇంటికొచ్చి హాల్లో కూర్చున్నాడు. మా ఆయన కాకని మొహం మీదే అడిగేశాడు.

"పొద్దున శిబిరంలో కూర్చుంటారు, సాయంత్రం మమ్మల్ని ఉండమంటారు. మిమ్మల్ని ఎలా నమ్మమంటారండీ?"

"రాష్ట్రం గావాలె అన్న. నీ ఇల్లు గావాలె అనలే" అన్నాడు కాక. "అండ్ల కూసుంటున్న గాబట్టే చెప్తున్న. ఎవడన్న నీ గేటు ముట్టుకుంటే ముంగట నన్ను ముట్టుకోవాలె. చాయ్ పోస్తవా, పోవాల్నా?"

మా ఆయనే లేచి టీ పెట్టుకొచ్చాడు.

నాకు తర్వాతెప్పుడో తెలిసిన సంగతి ఒకటుంది. అందరినీ అమ్మకండని ఆపిన ఆ ఏడాదే కాక తన స్థలం అమ్మేశాడు. హయత్‌నగర్ దాటాక రెండు వందల గజాలు, ఇల్లు కట్టుకుందామని పదేళ్ళుగా ఉంచుకున్నది. ఆఫీసు అద్దె కట్టడానికి, నాకు నెల నెలా జీతం ఆగకుండా ఉండటానికి. తెలిసిన రోజున ఆయన మీద అరిచాను. "ఖాళీ జాగ గదనే. అండ్ల పొయ్యి ఎలిగిందా, పోరగాండ్లు ఆడిండ్రా? నీ ఇల్లు, అదీ ఒకటెట్లయితది" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తనివ్వలేదు. అలా, వందల మందికి ఇళ్ళిప్పించిన మనిషి చివరిదాకా కొత్తపేట వెనక కిరాయింట్లోనే ఉన్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తాలో మిఠాయి పంచి, ఒక డబ్బా నాకు తెచ్చాడు. "తిను. నీ రాష్ట్రం గూడ" అన్నాడు. తర్వాత ధరలు లేచాయి, మెట్రో స్తంభాలు లేచాయి. ఆయన స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల బిల్డింగు ఉంది. ఒకసారి ఆ దారిన వెళ్తుంటే బండి ఆపించి తలెత్తి చూసి, "గాలి మంచిగొస్తది ఈడ" అన్నాడు. అంతే. మొండివాడు. ఫోటోలు పెట్టి ఫోన్లో ఇళ్ళు చూపించడం నేర్చుకోమంటే నన్ను వారం రోజులు సతాయించాడు, ఫోన్లో చెమ్మ వాసనొస్తదా అని.

ఆ మంగళవారం ఫోన్లో చిన్నమ్మ అడిగింది, ఎటు తీస్కపోవాలె అని. "మా ఇంటికి తీసుకురండి" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. అన్నాకే గుర్తొచ్చింది, ఇంటికి తాళం వేసుంది, నేనేమో మూసారాంబాగ్‌లో ఉన్నాను. "మీరే ముందొస్తే తాళం ఎట్లా చిన్నమ్మా?" అన్నాను. "ఆయన గుత్తిల ఉన్నది గద" అంది.

నేను చేరేసరికి గేటు తెరిచి ఉంది. అట్టముక్క వేలాడుతున్న తాళంచెవి తలుపుకే ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి గాని చదవొచ్చు. కాకని హాల్లో, ఆ చెమ్మ గోడ పక్కన పడుకోబెట్టారు. అప్పుడు ఏడ్చాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. వీధిలో జనం గుమిగూడారు. మూడిళ్ళ అవతలి పెద్దాయన, మావైపు మనిషే, మా ఆయన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పడం నాకు వినిపించింది.

"బయటివాళ్ళ శవాన్ని ఇంట్లో పెట్టుకుంటారా అండీ? అరిష్టం. పైగా రేపు ఇల్లు అమ్మాలంటే పైసా రాదు."

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మేది కాదండీ" అన్నాడు, వీధంతా వినేలా. వచ్చి కాక తల దగ్గర దీపం ఎగదోశాడు.

మర్నాడు మా గేటు నుంచే కాకని తీసుకెళ్ళారు. పదకొండు రోజులు అయ్యేదాకా రావద్దన్నాడు ఆ ఇంటాయన, అందుకని చిన్నమ్మ మాతోనే ఉంది. నాలుగు రోజులు మూలకు కూర్చుని పలకరిస్తే పలికింది గాని లేవలేదు. శనివారం పొద్దున చప్పుడైతే చూశాను. చిన్నమ్మ స్నానం చేసి, ఒక్కో గదిలోకీ వెళ్ళి కిటికీలు తెరుస్తోంది.

"ఇంట్లో మనుషులం ఉన్నాం కదా చిన్నమ్మా" అన్నాను.

"ఉంటే ఏంది బిడ్డా? శనారం గద ఇయ్యాల" అంది.

వంటింటి కిటికీ వానకు ఉబ్బి ఎప్పట్లాగే పట్టేసింది. చిన్నమ్మ కొంగు బిగించి రెండు చేతులూ చెక్కకు ఆనించింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇద్దరం కలిసి నెట్టాం.