గొలుసు పట్టిన చెయ్యి

బ్రెన్నన్‌విల్‌లో కాజిమిర్ దుడ్జిక్‌కి ఉన్న ఆస్తల్లా మంచి పేరొక్కటే. ఆ పెన్సిల్వేనియా కొండల్లో బొగ్గు గనులు నడిచినన్నాళ్ళూ కాటా దగ్గర కంపెనీ మనిషి పక్కనే కార్మికులు ఎన్నుకున్న మనిషి ఒకడు నిలబడేవాడు. తవ్వినవాడి బండికి తూకం తక్కువ రాస్తే అక్కడికక్కడే నిలదీయడం అతని పని. గని మూతపడేదాకా ఆ పనికి కాజిమిర్‌నే ఎన్నుకుంటూ వచ్చారు. లంచానికి లొంగలేదు, బెదిరింపుకి జంకలేదు.

గని పోయాక ఊరికి మిగిలినవి చొక్కాల ఫ్యాక్టరీ, సారాయి కొట్లు, బ్రేకర్స్ ఫుట్‌బాల్ జట్టు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు కుట్టేవాళ్ళు, కాజిమిర్ ఊడ్చేవాడు. జట్టుదీ గండాల బతుకే. చేరిన లీగల్లా దివాలా తీసేది, మనవాళ్ళు ఇంకో లీగులో తేలేవాళ్ళు. వారమంతా లారీలు తోలి, ఇటుకలు మోసి, ఆదివారం హెల్మెట్లు తగిలించుకునేవాళ్ళు. పెద్ద నగరాల జట్లు వీళ్ళ మొహం కూడా చూసేవి కావు. అయినా ఊరికి వీళ్ళే మొనగాళ్ళు.

బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతేనే బంతి నిలుస్తుంది, లేకపోతే అవతలివాళ్ళ పాలవుతుంది. అనుమానం వస్తే పది గజాల గొలుసు తెచ్చి కొలుస్తారు. గొలుసు మోసేది ఎప్పుడూ సొంత ఊరివాళ్ళే. బ్రెన్నన్‌విల్‌లో అదెవరికివ్వాలన్న చర్చే రాలేదు. కాటా కాపలా కాసిన చెయ్యి ఉండగా ఇంకొకరెందుకు?

అరవై నాలుగులో, ఆకులు రాలే రోజుల్లో లోకస్ట్ రిడ్జ్ జట్టు ఆడడానికొచ్చింది. ఈసారి ఓడితే జట్టునే ఎత్తేస్తానని బ్రేకర్స్ యజమాని ముందే తేల్చేశాడు. బ్రేకర్స్‌దే పైచేయి, కానీ నాలుగు పాయింట్లే తేడా. ఆట ముగియబోతుండగా లోకస్ట్ కెప్టెన్ ఆల్గిస్ గ్రిగాస్ బంతిని పొట్టకి అదుముకుని గుంపులోకి దూకాడు. పది గజాలు దాటాడో లేదో ఎవరికీ తేలలేదు. రిఫరీ గొలుసు తెమ్మన్నాడు.

గొలుసు మధ్యలో ఒక క్లిప్పు ఉంటుంది. దాన్ని మైదానంలోని గీత మీద పెట్టి గొలుసు బిగించి లాగుతారు. ముందు కొస ఎక్కడికొస్తే అదే తీర్పు. ఆ క్లిప్పు పట్టుకుని నడుస్తున్న కాజిమిర్‌కి కంటికొలతతోనే తెలిసిపోయింది. ఆల్గిస్ దాటాడు. బెత్తెడే అయినా దాటాడు. చెక్క బల్లల మీద ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, వాళ్ళలో తన భార్య లియోకాదియా కూడా ఉంది. బొటనవేలితో క్లిప్పుని రెండు లంకెలు వెనక్కి జరిపాడు. గొలుసు కొస బంతిని దాటిపోయింది. పది గజాలు కాలేదని తేలింది, బంతీ ఆటా బ్రేకర్స్‌వే.

"దొంగ కొలత! మళ్ళీ కొలవండి!" లోకస్ట్ ఆటగాళ్ళు మీదికొచ్చారు.

ఆల్గిస్ చేతులు చాపి వాళ్ళని ఆపాడు. "నోర్ముయ్యండ్రా! గొలుసు పట్టుకుందెవరనుకున్నారు? కాజిమిర్ బాబాయ్. మా నాన్న ఈ ఊరి గనిలో తవ్విన బొగ్గు కాటా ఎక్కినప్పుడల్లా పక్కన నిలబడ్డ మనిషి. ఆ చేతిలో మోసం జరగదు. పదండి."

ఆ మాటతో కాజిమిర్ సిగ్గుతో చచ్చిపోయాడు. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం సారాయి కొట్టులో, కొట్టు నడిపే స్టెఫాన్ బీరు గ్లాసు ముందుకు తోసి కన్ను కొట్టాడు. "ఎన్ని లంకెలు బాబాయ్? రెండా, మూడా?"

"నేనేం చెయ్యలేదు."

"నేననేదీ అదే! నువ్వేం చెయ్యలేదు, మేమేం చూళ్ళేదు!"

అందరూ ఘొల్లున నవ్వారు. తిట్టుంటే ఓర్చుకునేవాడు. ఇన్నేళ్ళూ తన నిజాయితీని గౌరవించిన ఊరికి తన దొంగతనం అంతకన్నా ముద్దొచ్చింది. గ్లాసు ముట్టకుండానే ఇంటికెళ్ళిపోయాడు.

ముద్ద దిగలేదు. అతని నోటనే సంగతి విన్న లియోకాదియా, "తిండి మానేస్తే పాపం పోద్దా?" అంది.

"చర్చిలో ఫాదర్ దగ్గర చెప్పుకుంటాలే."

"నువ్వు మోసం చేసింది ఫాదర్నా? ఆ కుర్రాడి దగ్గరికెళ్ళు."

ఆటలు లేని మరుసటి ఆదివారం బస్సెక్కి లోకస్ట్ రిడ్జ్ వెళ్ళాడు. ఆల్గిస్ తలుపు తీశాడు. గుమ్మంలోనే అంతా చెప్పేశాడు కాజిమిర్.

"మావాళ్ళ నోళ్ళు నేనే మూయించాను బాబాయ్," అన్నాడు ఆల్గిస్. గొంతులో కోపం లేదు, అదే ఇంకా నరకంగా ఉంది. "నిజం తెలిస్తే వాళ్ళు నన్ను తిట్టుకుంటార్లే, పడతా. మా నాన్నకి మాత్రం చెప్పకు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్నిండా పట్టేసింది. ఈ లోకంలో తనకి న్యాయం జరిగిందంటే నీ కాటా దగ్గరే అంటుంటాడు."

"ఎవర్రా అది?" లోపల్నించి దగ్గుతూ కేక.

"కాజిమిర్ బాబాయ్, నాన్నా."

"మరి గుమ్మంలో నిలబెట్టావేంరా? తీసుకురా!"

కిటికీ పక్క మంచం మీద ముసలి బల్తుస్ ఎముకల పోగులా ఉన్నాడు. మనవల్ని పిలిచాడు. "ఇలా రండర్రా. కంపెనీ వాడికి పక్కలో బల్లెం ఈయనే. ఈయన లేకపోతే చిన్నప్పుడు మీ నాన్నకి పాలు కూడా దొరికేవి కావు. చెప్పు కాజిమిర్, నీ చేత్తో ఎప్పుడైనా ఎవడికైనా తక్కువ కొలిచావా?"

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆల్గిస్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"లేదు బల్తుస్," అన్నాడు కాజిమిర్.

ముసలాయన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకి ఆనించుకున్నాడు. కాజిమిర్ దాన్ని వెనక్కి లాక్కోలేకపోయాడు.