ఛాసిస్ మీది పసుపు

పాత బండి కొనేవాడు పొద్దున్నే వెళ్లాలి. రాత్రంతా చల్లబడ్డ ఇంజన్‌ని మన కళ్లముందే స్టార్ట్ చేయించాలి. నీలిపొగ కక్కితే ఆయిల్ తాగుతోందని అర్థం. కాళ్లకింది పట్టా లేపి తుప్పు వెతకాలి, టైర్లు ఒకవైపే అరిగాయేమో తడమాలి. అన్నిటికంటే ముందు కిందికి దూరి, బండి బరువంతా మోసే ఛాసిస్ చూడాలి. అది బాగుంటేనే బండి. ఏళ్ల తరబడి లారీ తోలినవాణ్ణి, ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

దుబాయి నుంచి తిరిగొచ్చిన మా తమ్ముడు మళ్లీ విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. సొంత కూతురే వాణ్ణి చూసి, ఎవరో అనుకుని ఏడ్చింది మరి. పికప్ కొని సిరిసిల్ల మరమగ్గాలకు నూలు తోలుకుంటానన్నాడు. కోరుట్లలో ఒక బండి బేరం కుదిరింది. అమ్మేవాడు తేనె పూసిన కత్తి.

"మీది మల్యాలనే గదన్నా, కోరుట్ల దాంక ఎందుకు? నేనే కొండగట్టు గుడికి తెచ్చి, పూజ చేపిచ్చి, ఆడనే తాళాలిస్త" అన్నాడు.

మేం వెళ్లేసరికే పూజ అయిపోయింది. బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. ముందర నిమ్మకాయలు, బంతిపూల దండ. పసుపు ముందు భాగానికే కాదు, కింద ఛాసిస్‌కీ మందంగా మెత్తి ఉంది. నాకు అనుమానం వచ్చి, కిందికి వంగి గోటితో గీకబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గీకకు అన్నా, దేవుని పసుపది. శుభమా అని బండి తీస్కుంటుంటే గిదేం పని?"

పక్కనున్నవాళ్లూ వాడి మాటే అన్నారు. మావైపు పూజ పసుపు దానంతటది రాలాల్సిందే, ఎవరూ తుడవరు. ఆ సంగతి అమ్మినవాడికి మాకంటే బాగా తెలుసు. వాడి కడుపు కాల!

నెల తిరగకముందే, నూలు లోడుతో పోతుంటే తంగళ్ళపల్లి దగ్గర ఛాసిస్ విరిగి బండి బోల్తా కొట్టింది. తమ్ముడికి నడుం కింద స్పర్శ పోయింది.

ఠాణా ఆవరణలో పడేసిన బండి దగ్గరికి వెళ్లి, విరిగినచోట గీకాను. పసుపు కింద కొత్త రంగు, రంగు కింద పాత వెల్డింగు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడ్చి, ముఖం తుడుచుకుని, తమ్ముడున్న ఆస్పత్రికి వెళ్లాను.

"బండి చూసినవా అన్నా? కింద ఏమన్న ఉండెనా?" అని అడిగాడు.

"చూసిన తమ్మీ. ఏం లేదు. మన గాచారం గట్లున్నది."

నీళ్లు తాగించబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు తిప్పి చాలాసేపు చూశాడు.

"మరి గోర్లల్ల ఆ పసుపేందన్నా?"