పసుపు గొడుగుల చీర

పోలీసు పెళ్ళానికి ఊరంతా దారి ఇస్తుంది. అందులో గౌరవం ఎంతో, పక్కన నడవడానికి ఎవరూ లేకపోవడం ఎంతో తెలుసుకోవడానికి నాకు జహీరాబాదులో చాలా కాలం పట్టలేదు.

డెబ్బైల చివర్లో మా ఆయన అక్కడ సబ్ ఇన్‌స్పెక్టరు. ఆయనది ఖమ్మం వైపు, నాది బందరు. నేను బి.ఏ. చరిత్ర చదివాను. మొగలాయీల పతనానికి కారణాలు ఇప్పటికీ వరసగా చెప్పగలను. జహీరాబాదులో ఎవరూ అడగలేదు.

మా క్వార్టరు స్టేషను వెనకే. నేను కూరగాయల బజారులో అడుగు పెడితే అక్కడి కబుర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. వంకాయలామె తూచకుండానే సంచీ నింపి, "తీస్కపో అమ్మా, ఫికర్ జేయకు" అనేది. డబ్బులిస్తే ఇంకా భయపడేది. కొన్నాళ్ళకు వంకాయ కూర కూడా లంచంలా అనిపించి, పెరట్లో బచ్చలి తీగ వేసుకున్నాను. బచ్చలికి మా ఆయన ఉద్యోగం తెలియదు కాబట్టి మామూలుగానే పెరిగింది.

మా ఆయన ఒంటరితనం వేరే రకం. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. నిండు లారీ అక్కడికొచ్చేసరికి మనిషి నడకకు దిగుతుంది. అప్పుడు వెనకనుంచి కొందరు ఎక్కేవారు. తాళ్ళు కోసి, టార్పాలిన్ చీల్చి, గుడ్డల బేళ్ళు కిందికి దొర్లించేవారు. చెరుకు తోటల్లో ఉన్న మిగతావాళ్ళు అందుకునేవారు. డ్రైవరుకు ఈ సంగతి హైదరాబాదులో సరుకు దింపేటప్పుడు తెలిసేది.

కర్ణాటక హద్దు అక్కడికి కూతవేటు దూరం. దొంగలకు రెండు రాష్ట్రాలు, మా ఆయనకు ఒకటే. హద్దు దాటాలంటే ఆయన పైవాళ్ళకు రాయాలి, వాళ్ళు అవతలి పైవాళ్ళకు రాయాలి. జవాబు వచ్చేసరికి బేళ్ళు చీరలై, చీరలు బొంతలై ఉండేవి. అవతలి పోలీసులు మాత్రం చాలా మర్యాదస్తులు, వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చేవారు. మన జీపు సంగతి వేరు. తోస్తే తప్ప కదలదు. దొంగల్ని వెంటాడాలంటే ముందు నలుగురు మనుషులు కావాలి. తోయడానికి ఆ నలుగురూ ఎప్పుడూ దొరికేవారు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కడూ దొరికేవాడు కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక డ్రైవరు చప్పుడు విని లారీ ఆపి కిందికి దిగాడు. దిగకుండా ఉండాల్సింది. ఇనుప కడ్డీతో కొట్టారు. ఒక కన్ను పోయింది. మా ఆయన మర్నాడు చెరుకు తోటలో ఇద్దరిని పట్టుకున్నాడు. వాళ్ళ దగ్గర కొడవళ్ళు ఉన్నాయి. కానీ చెరుకు తోటలో కొడవలి ఉండడం నేరం కాదు. సరుకు దొరికి, అది వాళ్ళ చేతుల మీదుగా వచ్చిందని ఎవరైనా చెబితే తప్ప కేసు నిలబడదు.

డ్రైవరుది బొంబాయికి అవతల ఏదో ఊరు. దవాఖానలో ఆయన్ను చూడడానికి వచ్చేవాళ్ళు లేరు. నాకూ వెళ్ళడానికి వేరే ఇళ్ళు లేవు. అందుకని నేనే పెరుగన్నం పట్టుకెళ్ళేదాన్ని. నా హిందీ పుస్తకాలది, ఆయనది రోడ్డుది. పెరుగన్నం దగ్గర రెండూ కలిసేవి. ఆయన రోజూ ఒకటే అడిగేవాడు.

"మాల్ మిలా, బెహన్‌జీ?"

"వెతుకుతున్నారు," అనేదాన్ని.

కన్ను గురించి ఆయన ఎన్నడూ అడగలేదు. ఒకరోజు కారణం చెప్పాడు. సరుకు దొరక్కపోతే ఆయనే దొంగలతో కలిసి అమ్ముకున్నాడని లారీ యజమాని అంటున్నాడట. "మరి కన్ను?" అన్నాను. వాటాల దగ్గర తగాదా వచ్చి పోయిందంటున్నాడట.

ఆ రోజుల్లోనే నాకొక స్నేహితురాలు దొరికింది. మా గోడ పక్కింటావిడ. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, మొగుడితో తగవు వస్తే ఉర్దూ. ఆయనకు బజారులో చిన్న కిరాణా దుకాణం. ఆవిడ మొదట గోడ మీదుగా జొన్నరొట్టె ఇచ్చింది, తర్వాత పుంటికూర, అంటే మా గోంగూర, ఇచ్చింది, ఆ తర్వాత ఒకరోజు ఏ ముందు హెచ్చరికా లేకుండా నన్ను "చెల్లె" అంది. ఊరంతా అమ్మా అని పిలిచే చోట ఆ పిలుపు వింటే, అప్పటిదాకా నిలబడి ఉన్నదాన్ని ఎవరో కూర్చోమన్నట్టు ఉంది.

సద్దుల బతుకమ్మకు ముందు ఆవిడ అడిగింది: "పండుగకు ఏం కట్టుకుంటవ్ చెల్లె?"

"ఉన్నవాటిలో ఒకటి."

"ఉన్నదేంది? సద్దులనాడు పాతది గట్టుకుంటరా ఎవలన్న? నా పక్కింట్ల ఉన్నందుకు నాకు నామోషి."

పసుపు, కుంకుమ, రవికె గుడ్డతో పాటు ఒక కొత్త వాయిలు చీర నా చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చ నేల, దాని మీద చిన్న చిన్న పసుపు గొడుగులు. పూలు వేయాల్సిన చోట గొడుగులు వేయాలని ఏ మిల్లువాడికి తోచిందో తెలియదు కానీ, నాకు బాగా నచ్చింది.

సద్దుల సాయంత్రం ఆవిడే వచ్చి నన్ను వెంట తీసుకెళ్ళింది. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మలు మధ్యలో పెట్టారు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళను చూశాను. నలుగురిలో ముగ్గురి ఒంటి మీద పసుపు గొడుగులే.

"అక్కా, ఊరంతా ఒకటే కొట్లో కొన్నారా ఏమిటి?" అన్నాను నవ్వుతూ.

"ముచ్చట్లు తర్వాత. జర వంగి చప్పట్లు గొట్టు," అంది.

కొట్టాను. అడుగు తప్పితే ఎవరో నడుం పట్టి సరిచేశారు. ఎవరి చేయో తెలియదు. ఆ ఊళ్ళో నన్ను భయం లేకుండా ముట్టుకున్న చేయి అదే మొదటిది.

మా ఆయన, కానిస్టేబుళ్ళు బందోబస్తుకు వచ్చారు. ఆడవాళ్ళు ఆడేటప్పుడు పోలీసులు చూడకూడదని అక్కడి మర్యాద. అందరూ చుట్టూ నిలబడి వీపులు మా వైపు, ముఖాలు రోడ్డు వైపు పెట్టారు. వాళ్ళు వారాలుగా వెతుకుతున్న సరుకంతా ఆ సాయంత్రం వాళ్ళ వీపుల వెనక గుండ్రంగా తిరిగింది.

అది నాకూ తెలియదు. బేళ్ళలో మిల్లు గుడ్డ ఉందని తప్ప, ఏ రకమో అప్పటికి మా ఆయనకే తెలియదు.

పండగ తర్వాత ఒకరోజు పొద్దున్న లారీ కంపెనీ గుమాస్తా నమూనా గుడ్డ పట్టుకుని స్టేషనుకు వచ్చాడు. మా ఆయన దాన్ని బల్ల మీద పరిచాడు. టీ తెచ్చిన కానిస్టేబులు చూశాడు. అతని భార్య కూడా పండక్కి అదే కట్టింది. ఆ తర్వాత వార్త ఎంత వేగంగా వెళ్ళిందంటే, దాన్ని ఎవరూ తోయాల్సిన పని లేకపోయింది.

మధ్యాహ్నానికి పక్కింటావిడ గోడ మీదుగా ఒక పొట్లం ఇచ్చింది. నేరేడు రంగు పొడి.

"ఆ చీర ఉడుకు నీళ్ళల్ల ఎయ్యి చెల్లె. గుప్పెడు ఉప్పు గూడ ఎయ్యి."

"ఎందుకక్కా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? అందరేస్తున్రు."

చూస్తే నిజమే. వీధి పొడుగునా తీగల మీద నేరేడు రంగు చీరలు కారుతున్నాయి. నాకు తెలియని ఆచారాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. పండగయ్యాక కొత్త చీరకు రంగు వేయడం కూడా వాటిలో ఒకటేమో అనుకున్నాను. నన్ను కలుపుకున్నందుకు సంతోషంగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టాను.

నీళ్ళు కాగుతుండగా మా ఆయన భోజనానికి వచ్చాడు. ఎన్నాళ్ళకో హుషారుగా ఉన్నాడు. జేబులోంచి గుడ్డ ముక్క తీశాడు.

"చూడు, మాల్ ఇదీ. పసుపు గొడుగులు! ఇంత వింత గుడ్డ ఎక్కడున్నా ఇట్టే దొరుకుతుంది."

ఇట్టే దొరికింది. మంచం మీదే ఉంది. ఆయన గుడ్డ ముక్కను చూశాడు, చీరను చూశాడు, పొయ్యిని చూశాడు, చివరికి నా చేతిలో పొట్లాన్ని చూశాడు.

"ఎవరిచ్చారు?"

"ఈ ఊళ్ళో నాకు చీర పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటారు?"

ఆయన గోడ వైపు చూశాడు. నేను పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ చేతులు మోచేతుల దాకా నేరేడు రంగులో ఉన్నాయి.

"నువ్వింక ఎయ్యలేదా?"

దవాఖానలో ఉన్న డ్రైవరు గురించి చెప్పాను. కన్ను గురించీ, యజమాని వేస్తున్న నింద గురించీ. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది. రంగు పోలేదు.

"ఎవరి దగ్గర కొన్నావో ఒక్క మాట మా ఆయనకు చెప్పక్కా. చాలు."

"మీకిద్దరికి దప్ప ఊరందరికి ఎరుకే. మూట నెత్తిన వెట్టుకొని ఇంటింటికి దిరిగింది మీ ఆయన లోపలేసినోని పెండ్లామే."

"ఆ మాటే చెప్పు."

"చెప్త. రేపటి సంది నా మొగడు దుకాణం తెరుస్తడా? ఆ ఇద్దరు లోపలుంటే మిగిలినోళ్ళు బయట లేరా?" గొంతు తగ్గించింది. "మీరు రెండేండ్లకు ట్రంకుపెట్టె సదురుకొని పోతరు చెల్లె. మేం యాడికి పోవాలె?"

చరిత్రలో బి.ఏ. చదివినదాన్ని, గోడ మీద పడ్డ నేరేడు రంగు చుక్కను వేలితో తుడుస్తూ నిలబడ్డాను.

"ఆయన కన్ను వోయిందంటే నాకు మాత్రం పాపమనిపియ్యదా?" అంది మళ్ళీ. "గని ఇది నువ్వు, నేను తీర్చేది గాదు. చీర ముంచు. మల్లేడు బతుకమ్మకు గూడ నేనే వచ్చి నిన్ను తోలుకపోత."

"ముంచకపోతే?"

"నేనేం జెప్పాలె. అందరియి నల్లగుంటయి. నీదొక్కటే పచ్చగుంటది."

లోపలికి వచ్చేసరికి గిన్నెలో నీళ్ళు సగమయ్యాయి. ఆవిడ చెప్పిన మాట ఆవిడదే, దాన్ని నేను మా ఆయన దాకా మోసుకెళ్ళలేదు. చీర మాత్రం నాది. పొయ్యి ఆర్పి, చీర మడతపెట్టి మా ఆయన చేతికిచ్చాను. పొట్లం గోడ మీద పెట్టి వచ్చాను. కాసేపటికి చూస్తే అక్కడ లేదు.

మా ఆయన పక్కింటికి వెళ్ళి మర్యాదగా అడిగాడు. "మాకేం తెల్వది సార్, మీకు చీరలు వెట్టేటంత పెద్దోళ్ళమా?" అన్నాడట ఆవిడ భర్త. మా ఆయన తిరిగొచ్చి టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నిన్ను సాక్షిగా వేయొచ్చు. వేస్తే ఎవరిచ్చారని అడుగుతారు."

"అడిగితే ఉన్నది చెబుతాను."

"తెలుసు. అందుకే వేయను," అన్నాడు. ఆ ఉద్యోగంలో ఆయన నాకు ఇచ్చిన బహుమతుల్లో అదే పెద్దది. ఆయన పై అధికారులు దాన్ని బహుమతి అనలేదు.

గుమాస్తా చీరను గుర్తుపట్టాడు. సరుకు దోపిడీలోనే పోయి ఈ చుట్టుపక్కలే అమ్ముడైందని కంపెనీవాళ్ళు లారీ యజమానికి చెప్పారు. డ్రైవరు మీద నింద పోయింది. లారీ మాత్రం ఇవ్వలేదు, గోదాములో కాపలా పని ఇచ్చారు. దొంగల గురించి అనుభవం ఉన్న మనిషే కదా. వెళ్ళే రోజు చివరిసారి పెరుగన్నం తిని, "మాల్ మిల్ గయా, బెహన్‌జీ" అన్నాడు. ఈసారి అడగలేదు, చెప్పాడు. ఆయన వెళ్ళాక నేను మధ్యాహ్నాలు ఏం చేయాలో తెలియక బచ్చలికి రెండుసార్లు నీళ్ళు పోసేదాన్ని.

కేసు నిలబడలేదు. వాళ్ళ వకీలు కోర్టులో, "ఇంత పెద్ద దోపిడీలో దొంగసొత్తు దొరికింది ఒకే ఒక్క ఇంట్లో. అది ఎస్సై గారి ఇల్లు" అన్నాడట. కోర్టంతా నవ్విందట. మా ఆయన ఇంటికొచ్చి వకీలు గొంతుతో అనుకరించి మరీ చెప్పాడు.

"బాగానే అన్నాడు," అన్నాను.

"బాగానే అన్నాడు," అన్నాడు ఆయనా.

ఇద్దరూ విడుదలయ్యారు. చిరాగ్‌పల్లి ఎత్తు మీద లారీలు మళ్ళీ నెమ్మదించాయి. గోడ మీద జొన్నరొట్టెలు రావడం ఆగిపోయింది. ఆవిడ ఎదురుపడితే పక్కకు జరిగి, "బాగున్నవా అమ్మా" అనేది. అందులో కోపం లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేది.

మరుసటి ఏడు సద్దుల సాయంత్రం నేను గడప మీద కూర్చున్నాను. చప్పట్లు వినబడుతున్నాయి. ఏ అడుగు ఎక్కడ పడాలో ఇప్పుడు నాకు తెలుసు. మా ఆయన బందోబస్తు ముగించుకుని వచ్చాక, "ఎలా ఆడారు?" అని అడిగాను.

"నాకేం తెలుసు? వీపు అటు పెట్టి నిలబడ్డాను."

"నేనూ అంతే," అన్నాను.

ఆ బజారు రంగు నాసిరకం. ప్రతి ఉతుకుకూ కొంచెం కొంచెంగా వదిలింది. ఏడాది తిరిగేసరికి వీధిలో తీగల మీద పసుపు గొడుగులు ఒక్కొక్కటే మళ్ళీ బయటపడ్డాయి. ఎవరూ దాచలేదు, ఎవరూ వెతకలేదు. నా చీర మాత్రం కోర్టు నుంచి కంపెనీకి వెళ్ళిపోయింది.

ఎనభైల మొదట్లో బదిలీ వచ్చింది. ఆవిడ అన్నట్టే ట్రంకుపెట్టె సర్దాను. సామాను ఎక్కించాక ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని గేటు దాకా వచ్చింది. చెల్లె అనలేదు, అమ్మా అని కూడా అనలేదు. నాకు బొట్టు పెట్టడానికి చేయి ఎత్తినప్పుడు కొంగు ముందుకు జారింది. వెలిసిపోయిన నేరేడు రంగులోంచి ఒక పసుపు గొడుగు స్పష్టంగా కనిపిస్తోంది. నేను దాన్ని చూశాను. నేను చూడడం ఆవిడ చూసింది.

"ఈ ఏడు వానలు ఎనుకవడ్డయి," అంది.

"అవునక్కా," అన్నాను.

బొట్టు కొంచెం పక్కకు పడింది. ఆవిడ వేలితో సరిచేసి, గేటు తనే మూసింది.