బజ్జీకి కట్టించిన ఇనుప కోట

ఒక నోరులేని ప్రాణికి నేను ఇల్లు కట్టించి ఇస్తే ఏ స్థాయి విపత్తు జరుగుతుందో చెప్పబోతున్నాను. గుండె జబ్బున్నవాళ్ళు నిశ్చింతగా చదవొచ్చు, చివరిదాకా ఎవరూ చావరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన కొడుకులున్న తండ్రులు మాత్రం దేన్నైనా గట్టిగా పట్టుకుని కూర్చోండి.

మాది మైదుకూరు. నాయనది వేరుశనగ వ్యాపారం. ముందు అంగడి, మధ్యలో ఇల్లు, వెనక గోడౌను, గోడౌను నిండా మూటలు. మూటలున్న చోట ఎలుకలుంటాయి కాబట్టి నాయన జీవితంలో సగం వ్యాపారానికి పోతే, మిగతా సగం ఎలుకల మీద యుద్ధానికి పోయింది. నేను బి.టెక్. పాసై, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తున్న రోజులవి. దానికి మా చిరునామా దొరికినట్టు లేదు.

ఆ వేసవిలో కర్నూలు నుంచి మా అక్క, బావ, వాళ్ళ కూతురు చిన్ని చెన్నై సముద్రం చూడ్డానికి పోతూ మా ఇంట్లో దిగారు. చిన్ని చేతిలో టిఫిన్ డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె ఉంది. పెట్టెలో బంగారు రంగు బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్ళు, ఉందా లేదా అని అనుమానించాల్సినంత తోక ఉన్న ఒక ప్రాణి ఉంది. దాన్ని హ్యామ్‌స్టర్ అంటారట. పేరు బజ్జీ. నూనెలోంచి అప్పుడే తీసిన రంగులో ఉంది కాబట్టి పేరుకు నాకేమీ అభ్యంతరం కనపడలేదు.

"మామా, మేం వచ్చేదాకా బజ్జీ నీ దగ్గరే ఉంటాది," అంది చిన్ని. "ఈ డబ్బాలోనే ఉంటే దానికి దిగులు పుడతాది. పెద్ద పంజరం కొను. అది బాగా పరిగెత్తాల. కమ్మీల మధ్య సందు మాత్రం తక్కువ ఉండాల, లేకుంటే పారిపోతాది."

"నాకు చెప్తాండావా? నేను ఇంజనీర్ని."

"అందుకే చెప్తాండా," అంది చిన్ని.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "రేయ్, దానికేమన్నా అయితే ఇది అన్నం ముట్టదు. పోయిన తూరి గాజు తొట్టిలో చేప చచ్చిపోతే బడికి పోకుండా మంచం పట్టింది. జాగ్రత్త."

"చేప వేరు, ఇది వేరు. ఇది నా చేతిలో ఉండాది," అన్నాను.

అప్పుడే నాయన అంగడిలోంచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు. "ఏందిరా ఇది?"

ఎలుక జాతి అని నిజం చెబితే పెట్టెతో సహా అది వీధిలో ఉంటుంది. "కుందేలు జాతి నాయనా. ఫారిన్‌ది."

"చెవులు యాడ?"

"ఫారిన్ కుందేళ్ళకు చెవులు పొట్టి."

నాయన దాన్ని కాసేపు జాలిగా చూసి, "పాపం, ఎంత దూరం నుంచి వచ్చిందో ఏమో, ఏమన్నా పెట్టండి," అని అంగడిలోకి పోయాడు. అమ్మ వెంటనే శెనక్కాయలు వొలవడం మొదలుపెట్టింది. బజ్జీ ఒక్కో గింజనూ ముందుకాళ్ళతో అందుకుని నోట్లో పెట్టుకుంటూనే ఉంది. చూస్తుండగానే దాని ముఖం, మా బావ ముఖం ఒకే వెడల్పుకు వచ్చాయి.

మరుసటి రోజు వాళ్ళను చెన్నైకి సాగనంపి, పంజరం కోసం కడపకు పోయాను. పెంపుడు జంతువుల అంగడాయన సన్న తీగలతో అల్లిన పంజరం చూపించి, "అన్నా, హ్యామ్‌స్టర్‌కు అందరూ ఇదే తీసుకపోతారు," అన్నాడు. నేను వేలితో నొక్కాను. తీగ వంగింది.

"మా వీధిలో కోతులుండాయప్పా. పిల్లులుండాయి. ఇది ఒక్క పూట నిలబడదు," అన్నాను.

మా వీధి గురించి మీకు కాస్త చెప్పాలి. కోతులు బయట హాయిగా తిరుగుతుంటాయి, మనుషులం గ్రిల్లు వేసుకుని లోపల కూర్చుంటాం. కాబట్టి భద్రత అంటే బయటివాళ్ళు లోపలికి రాకపోవడం అని నేను పుట్టినప్పటి నుంచీ నమ్ముతున్నాను. లోపలివాళ్ళు బయటికి పోవడం గురించి మా వీధిలో ఎవరూ ఆలోచించరు. పోతే కోతులుంటాయి కదా!

వట్టి చేతులతో తిరిగొచ్చి, ఇంజనీరింగ్ మొత్తంలో నా దగ్గర మిగిలిన ఏకైక వస్తువు, కాలేజీలో మందం కొలవడానికి కొన్న కాలిపర్స్ బయటికి తీశాను. అమ్మ బజ్జీకి అప్పుడే గింజలు పెట్టడం ముగించింది. కాలిపర్స్ దవడల మధ్య బజ్జీ తలను పెట్టి ఈ చెంప నుంచి ఆ చెంప దాకా కొలిచాను. తల పట్టని చోట ఒళ్ళు పట్టదు. ఇది సూత్రం. ఆ కొలతలోంచి ముందుజాగ్రత్త కోసం మరి కాస్త తీసేసి, కమ్మీల మధ్య మూడు వేళ్ళ సందు చాలని తేల్చాను. నాకు చదువు చెప్పిన అయ్యవార్లు చూసి ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. కారణం వేరే ఉండొచ్చు.

కొలత తీసుకుని గేట్లు, గ్రిల్లులు చేసే మస్తాన్ దగ్గరికి పోయాను.

"ఏమప్పా, కుక్కకా?" అన్నాడు మస్తాన్.

"కాదన్నా."

"మేకకా?"

"కాదన్నా, ఇంత ఉంటాది," అని పిడికిలి చూపించాను.

మస్తాన్ నా పిడికిలినీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "దీనికి ఎంత లావు కమ్మీ వేసేది?"

"నీ దగ్గరుండే వాటిల్లో లావుపాటిది."

"పైన సింహాలు పెట్టమంటావా? ఎవరిదో గేటుకు చేసినవి రెండు మిగిలిపోయినాయి."

ఎందుకు అని అడగాల్సిన చోట, "ఎదురెదురుగా పెట్టు," అన్నాను.

పంజరం ఆటోలో వచ్చింది. దించడానికి నలుగురు కావాల్సి వచ్చింది. నాయన అంగడి వదిలి బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "దీంట్లో ఎవర్ని పెడతాండావురా? పోలీస్ స్టేషన్లో చోటు చాలలేదంటనా?"

"కుందేలుకు నాయనా."

"కుందేలు ఏం తప్పు చేసింది?"

గొప్ప పనులను సొంత ఇంట్లో వాళ్ళు ఆలస్యంగానే గుర్తిస్తారు. బజ్జీని లోపల వదిలి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాను. బజ్జీ ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగులు తీస్తుంటే, నా కష్టానికి అది సంతకం పెడుతున్నట్టు అనిపించింది.

తెల్లారి చూస్తే గొళ్ళెం అట్లాగే ఉంది. తాళం అట్లాగే ఉంది. సింహాలు ఒకదాన్నొకటి ఉరిమి చూస్తూనే ఉన్నాయి. బజ్జీ లేదు.

ఉన్నది ఒక్కటే: ఒక మూల శుభ్రంగా కుప్ప పోసిన శెనక్కాయ గింజలు. ఆ కుప్పను చూస్తూ నిలబడినప్పుడు జరిగిందేమిటో కొంచెం కొంచెంగా నా తలకెక్కింది. హ్యామ్‌స్టర్‌కు రెండు చెంపల్లోనూ సంచులుంటాయి. దొరికిన తిండిని అక్కడ నింపుకుని, తీరిగ్గా ఒకచోట దించుకుంటుంది. అంటే నేను కొలిచింది బజ్జీనీ, దాని వెంట ఉన్న రెండు మూటల సామానునూ. రాత్రి సామాను మూల దించేసి, ఖాళీ ముఖంతో, బస్సు దిగిన ప్రయాణికుడిలా అది కమ్మీల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయింది. ఆ సందులో దానికి చెల్లెలో తమ్ముడో ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేంత చోటు మిగిలింది.

ఇల్లంతా వెతికాను. చివరికి గోడౌను తలుపు కింద గింజ పొట్టు కనపడింది. లోపల నాయన ఏడాది సరుకంతా ఉంది. పెళ్ళి వంటశాలలో మా బావను వదిలినట్టే. వాళ్ళంతట వాళ్ళు బయటికి రారు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. వీడియో కాల్. వెనక సముద్రం, ముందు చిన్ని.

"మామా, బజ్జీని చూపించు!"

అంగట్లో మూటల పక్కన పడి ఉన్న కొబ్బరి పీచును ఉండ చుట్టి, పంజరం మూల కాగితం ముక్కల కింద పెట్టి, దూరం నుంచి ఆ మూల ఒక్కటే కనపడేట్టు ఫోను తిప్పాను. "నిద్రపోతాంది."

"కదలడం లేదే. ఊపిరి తీసుకుంటాందా?"

కాలితో టేబుల్ ఫ్యాన్ స్విచ్ నొక్కాను. పీచు రెపరెపలాడింది. "చూడు, ఎంత బాగా తీసుకుంటాందో!"

"మామా, అంత పెద్దగానా?"

"పంజరం పెద్దది గదమ్మా. గాలి ఎక్కువ."

చిన్ని నమ్మింది. పాపం, మేనమామను నమ్మే వయసు. "సరే, మా నాయనకు ఎక్కువ లీవు లేదంట. రేపు పొద్దున్నే వచ్చేస్తాం!" అని ఫోను పెట్టేసింది. నేను ఫ్యాన్ ముందు కూర్చున్నాను. కాసేపు నా ఊపిరి కూడా దానితోనే నడిచింది.

ఆ మధ్యాహ్నం గోడౌనులోంచి నాయన కేక వినపడింది. "రేయ్! ఈడికి రారా! నా జన్మలో ఇట్లాంటి ఎలుకను చూడలేదు!"

పరిగెత్తాను. నాయన కళ్ళు మెరుస్తున్నాయి. ఏళ్ళ తరబడి సాగిన యుద్ధంలో కొత్త శత్రువు కనపడ్డ సేనాపతి ముఖం అది. "తోక లేదు. రంగు పసుపు. నన్ను చూసి పారిపోదే! గింజ నోట్లో పెట్టుకుంటా అట్లే నిలబడి చూస్తాంది. ఎంత పొగరురా దానికి! పో, మందు తీసుకురా. శెనక్కాయ ముద్దలో కలిపి పెడదాం."

గోడౌను తలుపుకు అడ్డం నిలబడ్డాను. "మందు వద్దు నాయనా!"

"ఎందుకు వద్దు?"

"సరుకులో కలిస్తే? తిన్నోళ్ళకు ఏమన్నా అయితే? మన అంగడి పేరేం గావాల?"

నాయన ఆలోచించాడు. జీవితంలో మొదటిసారి నా మాటలో వ్యాపారం కనిపించింది ఆయనకు. "అదీ నిజమే. అయితే ఎదురింటోళ్ళ పిల్లిని తెస్తా."

"పిల్లి మూటలు చించుతాది నాయనా! గోళ్ళు!"

"దాని మీద నీకింత ప్రేమ ఎందుకురా?"

"నాకు మూటల మీద ప్రేమ."

ఈ మాట నా నోట విన్న నాయన కళ్ళు తడి అయ్యాయి. కొడుకు దారిలో పడ్డాడని నమ్మి, అటక మీది నుంచి పాత ఎలుకల బోను దించి, ఎండుకొబ్బరి ముక్క తగిలించి మూటల మధ్య పెట్టాడు. బోనులో పడితే ప్రాణం పోదు. నాయన కంటే ముందు లేచి బజ్జీని తీసి పంజరంలో వేసేస్తే సరి, సందులకు అట్టముక్కలు కట్టొచ్చు. ఇది పథకం. లోపం ఒక్కటే: నాయన కంటే ముందు లేవడం.

నేను లేచేసరికి నాయన బోను చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దిగుతున్నాడు. "దొరికిందిరా దొంగ! కాలువ అవతల వదిలిపెట్టొస్తా!"

"నాయనా, నేను వదిలిపెడతా, ఇటియ్యి!"

"నీకు చాతకాదు. మళ్ళీ ఇంటికే వస్తాది."

అప్పుడే బావ కారు మా గుమ్మం ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. చిన్ని దూకింది.

"తాతా! బజ్జీ!"

నాయన బోను వంక చూశాడు. బోనులో బజ్జీ రెండు చెంపలూ నింపుకుని, ఎండుకొబ్బరి ముక్కను ఒళ్ళో పెట్టుకుని, ప్రశాంతంగా కూర్చుని ఉంది.

"ఇది... నీ కుందేలా తల్లీ?"

"కుందేలు ఏంది తాతా? ఎలుక జాతి!"

కోతులు కూడా ఆగి చూశాయంటే నమ్మండి. నాయన మెల్లగా నా వైపు తిరిగాడు. "ఎలుకకా... నా పెండ్లాం కూర్చోని శెనక్కాయలు వొలిచి పెట్టింది?"

నేను సింహాల వంక చూశాను. అవి నా వంక చూడలేదు.

ఇంతలో చిన్ని బోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నాలుగు వైపులా పరీక్షించింది. "సందులు కరెక్టుగా ఉండాయి మామా! గట్టిగా కూడా ఉండాది. నువ్వు చెప్పినంత పెద్దది కాదు, అంతే. బజ్జీ కూడా లావైంది, బాగా చూసుకున్నావు!" అని, లోపల ఇనుప కోటను చూసి ఆగింది. "మరి అది ఎవరికి?"

"అది మీ మామకు," అన్నాడు నాయన. "ఈ పొద్దే గృహప్రవేశం."

కానీ అసలు సంగతి తర్వాత జరిగింది. బజ్జీ బోనులోంచి నాయన చేతి వేలు పట్టుకుని వాసన చూసింది. ఏళ్ళ యుద్ధంలో ఒక్క శత్రువూ ఆయనతో చెయ్యి కలిపి ఉండదు. సాయంత్రానికి అంగట్లో పెద్ద గింజలు ఏరుతూ కనిపించాడు. "ఈ బోను దానికి ఇరుకు. మస్తాన్‌తో పెద్దది చేపిస్తా. సన్న జాలీ వేపిస్తా. ఈ ఇంజనీరును మాత్రం రావద్దని చెప్పండి."

మర్నాడు పొద్దున నాయన తెల్ల చొక్కా తొడుక్కుని, బోను చంకన పెట్టుకుని, మస్తాన్ దగ్గరికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, నెలనెలా షుగరు పరీక్షకు పోయే అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని చిన్నిని అడిగాడు.

"రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు గదా తల్లీ? పరగడుపునే కొలవాల."

"లేదు తాతా."

"నీళ్ళు?" అంది అమ్మ.

"నీళ్ళు తాగొచ్చు," అన్నాడు నాయన, వెళ్ళిపోయాడు.

కాబట్టి, పెద్దలారా, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఎలుక జాతిదైనా, కుందేలు జాతిదైనా, చివరికి మా బావే అయినా, చెంపలు ఖాళీ అయ్యేదాకా ఏ ప్రాణి కొలతా తీసుకోను. తీసుకోమని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.