అట్టముక్కలతో నడిపిన ప్రోగ్రాం

అరకులోని ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతున్న రోజులవి. హుకుంపేట దగ్గరి కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి చదువు మానేస్తానంది. ఎందుకని అడిగాను.

"నాకు బేగి తట్టదు మేడమ్. ఒక దారి పడతాను, తప్పయిపోద్ది. మళ్లీ మొదటికొస్తాను. ఈలోపు అందరూ రాసేత్తారు."

సర్టిఫికెట్లు తీసుకోవడానికి మర్నాడు వాళ్లమ్మ వస్తోందట.

మర్నాడు వాన. కరెంటు లేదు. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టాను. చెప్పాల్సిన పాఠం, తర్కంలోని సిద్ధాంతాలను మనిషిలా ఆలోచించి రుజువు చేసిన తొలినాటి ప్రోగ్రాం గురించి. అది ఇంకా మిషన్ మీద నడవకముందే, తయారుచేసినవాళ్లు ఇంట్లోవాళ్లకీ విద్యార్థులకీ ప్రోగ్రాంలో తలో భాగం రాసిన కార్డు ఇచ్చి, వాళ్లచేతే నడిపించి చూశారు. నేనూ ఒక అట్టపెట్టె చింపి, ముక్కల మీద రాసి పంచాను. "వాన పడితే గెడ్డ పొంగుతుంది." "గెడ్డ పొంగితే ఆటో రాదు." "టైరు పంక్చరైతే ఆటో రాదు." గెడ్డంటే వాళ్ల వైపు వాగు. వాన పడితే ఆటో రాదని రుజువు చెయ్యాలి. ముక్కల్ని జతచేసే పని ఆ అమ్మాయికే ఇచ్చాను.

అప్పుడే వాళ్లమ్మ బస్సు దిగి, తడుస్తూ వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

అమ్మాయి చివరి నుంచి మొదలుపెట్టింది. ఆటో ఎందుకు రాదు? పంక్చరు ముక్క అందుకుంది. వానకీ పంక్చరుకీ ముడిపెట్టే ముక్క ఎవరి దగ్గరా లేదు. ఆమె మొహం చిన్నబోయింది.

"మళ్లీ తప్పు దారే మేడమ్."

"ఆ ప్రోగ్రామూ ఇలాగే తప్పు దారుల్లోకి వెళ్లేది. వదిలేసి ఇంకోటి చూసేది. దాన్నే వాళ్లు ఆలోచించడం అన్నారు," అన్నాను.

పంక్చరు ముక్క తిరిగిచ్చేసింది. తరవాత గెడ్డ ముక్కలు రెండూ అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టింది. రుజువు పూర్తయింది.

"ఏటి సేత్తన్నారు మేడమ్?" అని అడిగింది తల్లి. చెప్పాను. కూతురు ఎందుకు మానేస్తానందో కూడా చెప్పాను.

"ఆవు తప్పిపోతే మేమూ అంతే. ఓ పక్క ఎల్తాం, నేకపోతే తిరిగొచ్చి ఇంకో పక్క ఎల్తాం. దానికి సదువు మానీడమేటే గుంటా?" అంటూ కూతురి పక్కన కూర్చుని, జడ మీద పడ్డ జల్లు చేత్తోనే తుడిచింది. ఆ అమ్మాయి తల్లి భుజం మీద తల ఆనించింది. సర్టిఫికెట్ల మాట ఇద్దరూ ఎత్తలేదు.

చివరి ఏడాది ఒక పేపరు తప్పి, మళ్లీ రాసి, డిగ్రీ పూర్తిచేసింది. అప్పటిదాకా నేను గబగబా జవాబు చెప్పేవాళ్లనే మెచ్చుకునేదాన్ని. ఆమె ఎన్ని క్లాసుల్లో అది చూస్తూ కూర్చుందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.