ఉప్పుటేటి పాయలో నా వెనక నడిచింది

నేను చదివింది ఐదో తరగతే. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఏమనుకోకండి. భయంగానే ఉంది.

మాది క్రైస్తవ కుటుంబం. దయ్యాలంటే నవ్వే ఇంట్లో పుట్టాను. ఇప్పటికీ నమ్మను. కానీ ఇది జరిగింది.

పంతొమ్మిది వందల యాభైల చివర. బందరు శివారులో మా వాడ వెనక ఒక ఉప్పుటేటి పాయ ఉండేది. మడ చెట్లు దట్టంగా కమ్మేసి రోడ్డు మీదవాళ్లకి కనపడేది కాదు. సముద్రం పోటుకి నిండేది, పాటుకి బురద తేలేది.

బడిలో పంతులమ్మగారు రకరకాల ఆకులు ఏరుకు రమ్మన్నారు. ఆదివారం చర్చి అయ్యాక, పట్టపగలే, నేనూ ఏడేళ్ల మా చెల్లి సుగుణా మడ ఆకుల కోసం పాయలోకి బయల్దేరాం. దాన్ని జాగ్రత్తగా తీసుకురమ్మని అమ్మ నాకే అప్పజెప్పింది.

మా నాన్న వల వేసేవాడు. బురదలో నడక ఆయన నేర్పిందే. ముందువాళ్ల అడుగులోనే వెనకవాళ్లు అడుగెయ్యాలి. ముందువాళ్లు వెనక్కి తిరగకూడదు, మెలి తిరిగితే కాలు దిగబడిపోతుంది. అందుకని "ఉన్నావా?" అని అడగాలి. వెనకవాళ్లు "ఉన్నా" అనాలి.

"అక్కా, నీ అడుగులో నా రెండు కాళ్లూ పడతన్నాయే! ఏనుగువి!"

"వాగకుండా నడువు. పీత పట్టుకుందంటే నేను విడిపించను."

మలుపు తిరిగి అవతలి గట్టు వైపు చాలాసేపు నడిచాను. అడిగినప్పుడల్లా "ఉన్నా" అంది. దాని గొంతే. అడుగుల చప్పుడు కూడా వినపడుతూనే ఉంది. ఏడెనిమిదిసార్లు అడిగి ఉంటాను.

గట్టెక్కి, చెయ్యి అందిద్దామని తిరిగాను. ఎవరూ లేరు.

అదే దారిన వెనక్కి పడ్డాను. అప్పటికే పోటు మొదలైంది. నా ప్రతి అడుగు గుంటలోనూ ఒక చిన్న పాదం గుర్తు ఉంది. గట్టు దాకా వచ్చింది. కళ్లారా చూశాను. కాసేపటికి నీళ్లు కప్పేశాయి, ఎవరికీ చూపించలేకపోయాను.

చెల్లి మొదటి మలుపు దగ్గరే ఉంది. మోకాళ్ల పైదాకా బురదలో కూరుకుపోయి మడ కొమ్మ పట్టుకుని వేలాడుతోంది. నీళ్లు దాని గుండెల దాకా వచ్చాయి. చంకల్లో చేతులేసి లాగాను. ఎలా లాగానో నాకే తెలీదు.

"ఎంత అరిచానే! తిరిగి కూడా చూడకుండా పోయావు!" అంది ఏడుస్తూ.

"నువ్వు పలుకుతానే ఉన్నావుగా!"

"నేనా? నిన్ను రమ్మని అరుస్తన్నా. అబద్ధాలకోరుదానా!"

ఆ అరుపు ఒక్కటి కూడా నాకు వినపడలేదు.

సుగుణ ఇప్పుడు గుడివాడలో ఉంటుంది. మనవలెత్తింది. నాతో బాగానే ఉంటుంది. కానీ ఆ రోజు మాట ఎత్తితే మాత్రం మొహం తిప్పుకుంటుంది. నేను దాన్ని వదిలేసి పోయాననీ, అమ్మ కొడుతుందని భయపడి కథ అల్లాననీ దాని నమ్మకం. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పినా నమ్మలేదు.

నాకు పలికింది ఎవరో, ఎందుకు పలికిందో, ఎంత ఆలోచించినా తేలలేదు.

రాతలో తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకుని చదవండి. ఇది అచ్చయితే చెల్లికి ఒక పుస్తకం పంపిద్దామని రాశాను.